మొజాయిక్ వేయించబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫొటోలు చేరాయి. సత్తెనపల్లి ఇంటికి టైల్స్ వద్దు, సిమెంటులో రాతి పలుకులు కలిపి పోసి అరగదీసే మొజాయిక్ గచ్చు వేయిద్దాం అనుకుంటున్నారని తెలిసి సంతోషమేసింది. అయితే నువ్వడిగినవన్నీ రంగుల సంగతులే. తెలుపా, బూడిదా, ఆకుపచ్చ పలుకులా అని. రంగు చివర చూద్దాం. గచ్చు కింద ఏముందో, దాన్ని వేసేదెవరో తేలకుండా రంగు గురించి మాట్లాడుకుని లాభం లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మొజాయిక్ వేస్తే ఇల్లు చల్లబడుతుందని మీ ఆర్కిటెక్టు గారు అన్నారట. కాలికి చల్లగా తగులుతుందంటే ఒప్పుకుంటాను. రాయీ సిమెంటూ దట్టంగా ఉంటాయి కాబట్టి పాదంలో వేడిని చప్పున లాగేస్తాయి. ఆ మాటకొస్తే గ్రానైటూ లాగుతుంది, తాండూరు బండా లాగుతుంది, విట్రిఫైడ్ టైలూ లాగుతుంది. మొజాయిక్‌కి ప్రత్యేకమైన చలవ ఏమీ లేదు. కింది అంతస్తులో మనకి హాయిగా అనిపించేది గచ్చు కిందున్న నేల చలవ. పైన ఎండ ఎంత మండినా కొన్ని అడుగుల లోతున మట్టి అంత తొందరగా వేడెక్కదు. అదే మొజాయిక్‌ని మేడ మీద గదిలో వేయించు, మే నెల సాయంత్రానికి కాలికి వెచ్చగానే తగులుతుంది. అక్కడ కింద మట్టి లేదు, పైన పగలంతా కాగిన స్లాబు ఉంది.

మనం ఉన్నది రెంటచింతల ఉన్న జిల్లాలోనమ్మా. మేడగది చల్లగా ఉండాలంటే డబ్బు ముందు కప్పు మీద పెట్టు. డాబా మీద తెల్ల పింగాణీ పెంకులు పరిపించినా సరే, ఎండని తిప్పికొట్టే తెల్ల పూత వేయించినా సరే, ఏమీ కుదరకపోతే ఏటా వేసవి ముందు సున్నం కొట్టించినా సరే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం అని తెచ్చింది చూడు, దాని సారం ఇదే. పడమటి కిటికీలకు సజ్జాలు వెడల్పుగా పెట్టించు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ నేరుగా గచ్చు మీద పడితే ఆ వేడినంతా అది దాచుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. నల్ల గచ్చయితే మరీను. సాయంత్రం తడిగుడ్డ పెట్టి, చీకటి పడ్డాక కిటికీలు తెరిస్తే మన పొడి గాలికి బాగా పనిచేస్తుంది. బందరులో ఉన్న మీ ఆడపడుచుకి మాత్రం ఈ సలహా చెప్పకు. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, తడి ఆరదు. తేమగాలి వీచిన రోజున చల్లటి గచ్చు దానంతటదే చెమరుస్తుంది, దాని మీద జారిపడటం తేలిక.

మరి మొజాయిక్ ఎందుకంటావా? అతుకులు తక్కువ, మురికి చేరే సందులుండవు. పలుకులు పైపొర మందమంతా ఉంటాయి కాబట్టి పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో మళ్ళీ పాలిష్ మిషన్ పెట్టిస్తే కొత్తదవుతుంది. గుంట పడితే అక్కడి వరకు పూడ్చి అరగదీయవచ్చు. టైలుకి ఈ భాగ్యం లేదు, పగిలితే అదే డిజైను మళ్ళీ దొరకదు. మొజాయిక్ లాగా అచ్చు వేసిన టైల్స్ కూడా ఇప్పుడు షాపుల్లో ఉన్నాయి. అంచు తిప్పి చూడు. పలుకులు లోపల దాకా కనబడకపోతే అది బొమ్మే.

ఇక నేల సంగతి. మీ స్థలం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. గోడలు పునాది మీద నిలబడతాయి గాని గది మధ్య గచ్చు నిలబడేది ఈ మట్టి మీదే. ఇల్లు కట్టిన రెండు వేసవుల్లో గది మధ్య గచ్చు పైకి లేచి అడ్డంగా చీలిందంటే మొజాయిక్ మేస్త్రీని తిట్టి ప్రయోజనం లేదు, తప్పు అంతకు ముందే జరిగిపోయింది. పునాది గోడల లోపలి నల్లమట్టిని వీలైనంత లోతుకి తీయించు. పునాది తవ్వినప్పుడు వచ్చిన మట్టినే మళ్ళీ నింపుతామంటారు, అస్సలు ఒప్పుకోకు. గ్రావెల్ తోలించి అరడుగు మించని పొరలుగా పోయించు. ప్రతి పొరా తడిపి దిమ్మిస కొట్టాలి, మిషన్ దొరికితే ఇంకా మేలు. దాని మీద బెడ్ కాంక్రీటు. ఇంటి చుట్టూ నీళ్ళు గోడ మొదట్లో నిలవకుండా వాలు ఉండాలి. అల్లుడు గారిని రోజూ వెళ్ళి నిలబడమను. రంగు పలుకులు ఎంచడానికి పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెట్టినా చాలు.

మొజాయిక్ మొత్తం మందం సుమారు 40 మిల్లీమీటర్లు. అందులో అడుగుపొర ఒక వంతు సిమెంటు, రెండు వంతుల ఇసుక, నాలుగు వంతుల కంకర కలిపిన కాంక్రీటు. పైన పలుకుల పొర, 4 నుంచి 7 మిల్లీమీటర్ల పలుకులైతే 9 మిల్లీమీటర్లు, 7 నుంచి 10 అయితే 12 మిల్లీమీటర్లు. అడుగుపొర వేసిన మర్నాడే, అది ఇంకా పచ్చిగా ఉండగానే, సిమెంటు పాలు (నీళ్ళలో పల్చగా కలిపిన సిమెంటు) పోసి పైపొర వేయాలి. వారం ఆగి వేస్తే రెండూ కలవవు, కర్రతో తడితే డొల్ల చప్పుడొస్తుంది. ఈ పద్ధతంతా ఐ.ఎస్. 2114 అనే భారత ప్రమాణంలో ఉంది, మీ ఇంజనీరుని అడిగితే చూపిస్తాడు. మేడ మీద కూడా వేయించే పక్షంలో అతనికి ముందే చెప్పు, చదరపు మీటరుకి దాదాపు 95 కిలోల బరువు పడుతుంది.

పలుకులు ఒత్తుగా ఉండాలి. వేరుశనగ అచ్చులో పలుకులు ఎక్కువ, పాకం తక్కువ ఉన్నట్టు. రాయి అంత తొందరగా అరగదు, ముందు అరిగేదీ ముడుచుకునేదీ మరక పట్టేదీ సిమెంటే. మూడు పాళ్ళ సిమెంటుకి ఒక పాలు మార్బుల్ పొడి తూకం వేసి కలపాలి. ఒక గదికి సరిపడా సిమెంటు, పొడి, రంగు ఒకేసారి పొడిగా కలిపి సంచుల్లో పెట్టించు. రోజుకో గమేళా కలుపుకుంటూ పోతే గది ఒక మూల ఒక రంగు, ఇంకో మూల ఇంకో రంగు.

గచ్చుని గళ్ళుగా విడదీసే గాజు పట్టీలు అందం కోసమనుకుంటారు. బీట వచ్చేదేదో ఆ గీత వెంబడి రావాలని పెడతారు. నాలుగడుగులకు మించకుండా గళ్ళు వేయించు, గుమ్మాల దగ్గర తప్పకుండా పట్టీ ఉండాలి. ఇత్తడి బాగుంటుంది, ఖర్చు. అల్యూమినియం వద్దు, పచ్చి సిమెంటు దాన్ని తినేస్తుంది.

వేసవిలో పని పెట్టుకోవద్దనే అంటాను. తప్పదంటే సాయంత్రం పూట వేయించు, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టించు. వడగాలి తగిలితే పైపొర తడి ఒక్క గంటలో పోయి వెంట్రుక బీటలు వస్తాయి, అవి పాలిష్‌తో పోవు. మర్నాటి నుంచి వారం రోజులు నీళ్ళు నిలగట్టాలి. ఆ తరువాతే పాలిష్ మిషన్. ముందు 60 నంబరు అరగదీసే రాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు), బొక్కలకు అదే రంగు సిమెంటు పాలు పట్టించి మళ్ళీ తడపడం, తరువాత 120, మళ్ళీ పట్టించడం, ఆఖర్న 320. మూడు వారాలకు తక్కువ కాదు. "వారంలో అప్పజెప్పేస్తామండీ" అన్నవాడికి మర్యాదగా నమస్కారం పెట్టి పంపించు. అన్నట్టు, అరగదీసినప్పుడు వచ్చే బురదని బాత్రూం గొట్టంలోకి వదలనివ్వకు, లోపల గట్టిపడి కూచుంటుంది.

మేస్త్రీ విషయం. ఒకప్పుడు మన ఊళ్ళ ఇళ్ళల్లో మొజాయిక్ మామూలు సంగతి. గ్రానైటూ టైల్సూ వచ్చాక ఆ పనివాళ్ళు చాలామంది వేరే పనుల్లోకి పోయారు. టైల్స్ పరిచే కుర్రాడు "మొజాయిక్ కూడా వచ్చండీ" అంటాడు, పాపం పని కావాలి. అతను పదేళ్ళ క్రితం వేసిన ఇల్లు ఒకటి చూపించమను. గది మధ్య చూడకు, మధ్యలో ఎవరు వేసినా బాగుంటుంది. మిషన్ చేరని గోడ మొదట్లో, తలుపు వెనక, గోడ అడుగు పట్టీ (స్కర్టింగ్) కలిసే చోట చూడు. అక్కడంతా చేత్తో రాయి పట్టి రుద్దాలి. ఆ మూల నున్నగా ఉంటే అతన్ని వదలకు. అలాంటి మనిషి దొరకకపోతే గుంటూరు, విజయవాడల్లో అడిగి మొజాయిక్ టైల్స్ తెచ్చి పరిపించి, పరిచాక పాలిష్ పట్టించు. పైపొర 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అదీ కుదరకపోతే హాయిగా బేతంచెర్ల బండలు పరిపించెయ్. చెడ్డ మొజాయిక్ కన్నా మంచి నాపరాయి ఎంతో నయం, చలవకి అది కూడా ఏం తక్కువ కాదు.

ఇప్పుడు నీ రంగులు. హాల్లో పాలతెలుపు వద్దు. వరండా వైపు నుంచి వెలుగు పడితే కళ్ళు జిగేలుమంటాయి, ప్రతి వెంట్రుకా కనిపిస్తుంది. లేత బూడిద గానీ మీగడ రంగు గానీ సిమెంటుకి పెట్టి, రాజస్థాన్ తెల్ల పలుకులు, వాటిలో కొంచెం జైసల్మేర్ పసుపు, అక్కడక్కడ నలుపు కలిపించు. ఆకుపచ్చ నీకిష్టమైతే పూజగదికి పెట్టుకో. రంగు పొడి ఐరన్ ఆక్సైడ్‌దే కావాలని అడుగు, ఎండకి వెలిసిపోదు. మేస్త్రీ చేత అడుగు చదరం నమూనా చేయించి, పాలిష్ పట్టించి, పూర్తిగా ఆరాక పగటి వెలుగులో చూడు. తడి మీద చూస్తే అన్నీ ముదురుగా, అందంగానే ఉంటాయి. సిమెంటు బదులు ఎపాక్సీ అనే జిగురుతో చేసే మొజాయిక్ పల్చగా, బీటలు తక్కువగా వస్తుంది, నిజమే. ఎండ తగిలే చోట పసుపుబారుతుంది. మన వరండాలకి పనికిరాదు.

వంటగది గురించి అమ్మని అడిగితే నాకన్నా బాగా చెబుతుంది. మార్బుల్ పలుకు పులుపుకి ఓర్వదు. నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్ల మజ్జిగ పడిన చోట నిగారింపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. పాలిష్ అయ్యాక లోపలికి ఇంకే రకం సీలర్ పట్టిస్తే నూనె, పసుపు మరకలకు కొంత కాపు. పులుపుకి అదీ ఆగదు, వెంటనే తుడవడమే. నా మటుకు వంట గట్టు మీదికి గ్రానైట్, నేలకి మొజాయిక్ అంటాను. స్నానాల గదికి నున్నటి పాలిష్ వద్దు, 120 రాయితో ఆపించు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, జారితే కష్టం.

కడిగేటప్పుడు మామూలు సబ్బు నీళ్ళు చాలు. పనమ్మాయికి ముందే చెప్పిపెట్టు, బాత్రూం యాసిడ్ సీసా గచ్చు దరిదాపులకు రాకూడదు. ఒక్కసారి పోస్తే మూడు వారాల పాలిష్ పోతుంది. గ్యాస్ సిలిండర్‌ని గచ్చు మీద నేరుగా నిలబెట్టకండి, కింద తుప్పు చక్రం పడితే వదలదు. ఇనప బీరువా కాళ్ళ కింద కూడా రబ్బరు బిళ్ళలు పెట్టండి.

డబ్బులు మూడు విడతలుగా ఇవ్వండి. పైపొర వేశాక ఒకటి, రెండో రాయి అయ్యాక ఒకటి, ఇంటికి సున్నాలు రంగులు అన్నీ అయ్యాక పట్టే చివరి పాలిష్‌కి ఒకటి. ఆ చివరి విడత చిన్నది కాకుండా చూసుకోండి, లేకపోతే మేస్త్రీ మళ్ళీ ఫోన్ ఎత్తడు. నమూనా బిళ్ళ తయారవగానే ఫొటో కాదు, బిళ్ళనే బస్సులో వేసి పంపు. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య