ఫ్రాయిడ్ పాతబడిపోయాడా? కావలి విద్యార్థిని ప్రశ్నకు జవాబు

ప్రశ్న: కావలిలో బీఏ ఫైనలియర్ చదువుతున్నాను. సైకాలజీ నా సబ్జెక్టుల్లో ఒకటి. మనోవిశ్లేషణ నేర్చుకుని అదే వృత్తిగా చేసుకోవాలని ఉంది. మా లెక్చరర్ మాత్రం ఆ విద్యకు ఆద్యుడైన ఫ్రాయిడ్ పాతబడిపోయాడని, ఇప్పుడు చదవడం టైమ్ వేస్టని అంటున్నారు. నాన్నేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఫ్రాయిడ్‌ను చదువమ్మా. కానీ బిట్ల పుస్తకంలో ఉన్న ఫ్రాయిడ్‌ను పక్కన పెట్టి చదువు. అచిత్తు, అహం, అధ్యహం అని మనసు భాగాల పేర్లు, రక్షక తంత్రాలని మనసు తనను తాను కాపాడుకునే పద్ధతుల పేర్లు బట్టీపట్టి టిక్కు పెట్టి వదిలేస్తే మీ సార్ చెప్పిందే నిజమనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివే ఇంటర్ కుర్రాడొకడు నా దగ్గరకు వచ్చేవాడు. వారం వారం పరీక్ష ముందురోజు తలనొప్పి. మూడోసారి వచ్చినప్పుడు ఉన్నట్టుండి లేచి, 'మీరూ మార్కులే అడుగుతారు, ఎవరైనా అంతే' అని అరిచాడు. నేను ఆ మూడుసార్లలో ఒక్కసారి కూడా మార్కుల మాట ఎత్తలేదు. ముందు నాకు బాధేసింది, సర్దిచెప్పబోయాను. ఆ కోపం నా మీద కాదని అప్పుడు తట్టి ఊరుకున్నాను. తర్వాతి వారం వాడే వచ్చి వాళ్ల నాన్న గురించి మాట్లాడాడు. ఆరోజు నేను వాదనకు దిగి ఉంటే వాడు మళ్లీ వచ్చేవాడు కాదు.

ఇంట్లోవాళ్ల మీద ఉన్న ప్రేమ, కోపం తెలియకుండానే ఎదుటి మనిషి మీదకు మళ్లడాన్ని ఫ్రాయిడ్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్నాడు. 1905లో అచ్చైన డోరా అనే అమ్మాయి కేసులో, ఆమె చికిత్స మధ్యలో మానేసి వెళ్లిపోయింది. ట్రాన్స్‌ఫరెన్స్‌ను సకాలంలో పట్టుకోలేకపోయానని ఆయనే రాసుకున్నాడు. నూరేళ్లు దాటినా, ఏ సంప్రదాయానికి చెందిన మనోవిశ్లేషకుడైనా ఈ మాట లేకుండా పని చేయలేడు.

కూలిపోయినవీ ఉన్నాయి. ఆడవాళ్ల మనసు గురించి ఆయన చెప్పినదాన్ని 1920లలోనే మనోవిశ్లేషకురాలు కారెన్ హోర్నై ఎదిరించింది, ఆమెదే సబబని నా అభిప్రాయం. డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టి, ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు. యూరప్ రోగుల్లో కనిపించినవన్నీ తన భారతీయ రోగుల్లో అంతగా కనిపించడం లేదని ఫ్రాయిడ్‌కే రాశారు. మన దేశంలో ఈ విద్య అలా గురువును ప్రశ్నిస్తూనే మొదలైంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఫ్రాయిడ్ కూడా తన సిద్ధాంతాన్ని మార్చుకుంటూ పోయాడు. మనసులో అణిచిపెట్టిన కోరికే ఆందోళనగా మారుతుందని మొదట్లో అన్నాడు. 1926లో, డెబ్బై ఏళ్లు నిండబోతుండగా, దాన్ని తిరగేసి ఆందోళన వల్లే మనసు అణిచిపెడుతుందన్నాడు. తర్వాత మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్, పిల్లల డాక్టరైన విన్నికాట్ లాంటివాళ్లు తల్లీబిడ్డల బంధం మీద చూపు పెట్టారు. పాతది తెలియకుండా విన్నికాట్‌ను పట్టుకుంటే, ఆయన దేనికి జవాబు చెబుతున్నాడో నీకు అంతుపట్టదు.

ఇక దారి సంగతి. ముందు చేతిలో ఒక గుర్తింపు ఉండాలి. ఏపీ పీజీసెట్ రాసి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనో సైకాలజీలో పీజీ చెయ్యి. క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. ఇన్నాళ్లూ రెండేళ్ల ఎంఫిల్ ఆ దారి. ఇప్పుడు కోర్సులు మారుతున్నాయి కాబట్టి, నువ్వు చేరే ఏడాది ఆ కాలేజీ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టు. మనోవిశ్లేషణ శిక్షణ ఆ తర్వాతి మెట్టు. అందులో పాఠాలతో పాటు, సీనియర్ పర్యవేక్షణలో కేసులు చూడాలి, నువ్వు కూడా ఏళ్ల తరబడి వేరొకరి దగ్గర విశ్లేషణకు కూర్చోవాలి. ఖర్చు, ఓపిక రెండూ కావాలి. ఈ సంగతి మీ నాన్నగారికి దాచకు.

ఆయన భయం డబ్బు గురించి, నీ భద్రత గురించి. పీజీసెట్, బీఈడీ ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ రెండూ ఈ ఏడే రాస్తానని చెప్పు. సీటు ఎక్కడొస్తుందో చూశాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. కావాలంటే ఆయనతో నేను మాట్లాడతాను.

ఈలోగా ఫ్రాయిడ్ వియన్నా యూనివర్సిటీలో 1915–17 మధ్య ఇచ్చిన ఉపన్యాసాలు తీసుకో. ఇంగ్లిష్ అనువాదమైనా చదవడానికి కష్టం కాదు. మొదటి నాలుగూ చదివితే చాలు, అవి నోరు జారడం, పేర్లు మరిచిపోవడం లాంటి మన ఇళ్లలో రోజూ జరిగే వాటితోనే మొదలవుతాయి. నీకు ఎక్కడ నమ్మకం కుదరలేదో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుని, ఆ చోట్లు నాకు రాసి పంపు.