కార్బన్ మోనాక్సైడ్ విషం కదా, మరి కణాల్లో దాన్ని వెతకడం ఎందుకు?

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసమని రెండు విషయాలు అడిగారు. విషవాయువు ఒంట్లో ఎందుకుంటుంది, రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ చాంగ్ గారి 'కాప్-1' అనే వెలిగే డై దాన్ని ఎలా పసిగడుతుంది అని.

మొదటిదానికి జవాబు మీ మోకాలి మీదే చూడొచ్చు. దెబ్బ తగిలి కమిలిన చోటు నల్లబడి, ఆకుపచ్చకి తిరిగి, చివరికి పసుపవుతుంది కదా? అక్కడ హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ రక్తంలోని హీమ్‌ను, అంటే హిమోగ్లోబిన్‌లో ఇనుముండే భాగాన్ని, విరగ్గొడుతోందన్నమాట. ఆకుపచ్చ బిలివెర్డిన్‌ది, పసుపు బిలిరూబిన్‌ది. హీమ్ విరిగినప్పుడల్లా ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువూ బయటపడుతుంది. రంగూ వాసనా లేవు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. తలుపులేసిన గదిలో కుంపటి పెడితే ఇదే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని ప్రాణం తీస్తుంది. కణాల్లో పుట్టే కాస్తంత మాత్రం సంకేతాలు మోస్తుంది.

చాంగ్ బృందం 2012లో బర్కిలీలో చేసిన పని నాకు చాలా ఇష్టం. అదే కాప్-1. వెలిగే డైకి పల్లేడియం అనే లోహం తగిలించారు. అది ఉన్నంతసేపూ డై మసకగానే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి మధ్యలో దూరితే లోహం ఊడిపోయి డై ఆకుపచ్చగా వెలుగుతుంది. ఒకసారి వెలిగాక మళ్లీ ఆరదు, కాబట్టి గ్యాస్ తగ్గడం దీంతో కనబడదు.

ఇక నా అనుభవం. పీహెచ్‌డీలో మేం పల్లేడియం కాకుండా నైట్రో గ్రూపు ఉన్న డై చేశాం. కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్‌తో తంటా ఎందుకని, గ్యాస్ వదిలే రుథేనియం పొడి 'కార్మ్-2' వాడాను. కణాలు దీపావళిలా వెలిగిపోయాయి! నెలల తరబడి బొమ్మలు తీసి, పేపర్ కూడా సగం రాసేశాను. అప్పుడు మా సీనియర్ అక్క "అసలు గ్యాస్‌తో చూశావా?" అంది. చూశాను. ట్యూబులోకి గంటసేపు పంపినా డై ఉలకలేదు, పలకలేదు. మేం చూసిందంతా డైతో ఆ పొడి జరిపిన రసాయన చర్యే, గ్యాస్‌ది కాదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రే పట్టలేదు. తర్వాత చదివితే, చాలామంది ఇలాగే బోల్తాపడ్డారని తెలిసింది.

కాబట్టి ఏ డై తీసుకున్నా మొదటి వారంలోనే సిలిండర్‌లోని అసలు కార్బన్ మోనాక్సైడ్‌తో పరీక్షించండి. గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో చేయండి, పక్కనే అలారం డిటెక్టర్ పెట్టుకోండి. ఒంటరిగా మాత్రం చేయకండి.