విదేశీ యూనివర్సిటీ కలిసి రీసెర్చ్ చేద్దామంటోంది, సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

నమస్తే డాక్టర్ గారూ. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు కోస్తాలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్. గర్భిణుల్లో షుగర్ మీద మూడేళ్ల స్టడీ చేద్దామని ఒక విదేశీ ప్రొఫెసర్ అడిగారు. డబ్బు వాళ్లు తెస్తారు, పేషెంట్లను చేర్చుకోవడం, రక్తం తీయడం మీ పని. ఒప్పంద పత్రం పంపి రెండు వారాల్లో సంతకం చేయమన్నారు. ఇది మంచి అవకాశమా, లేక మనల్ని శాంపిళ్లు సేకరించడానికి మాత్రమే వాడుకుంటారా అన్నది మీ సందేహం.

నేను తొమ్మిదేళ్లు ఇలాంటి ప్రాజెక్టుల్లో కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పల్లెల్లో తిరిగి రక్తహీనత మీద చేసిన పెద్ద స్టడీ ఒకటి, దాని తర్వాత ఇంకో చిన్నది. రెండూ విదేశీ నిధులతో నడిచినవే. అవకాశాన్ని వదులుకోవద్దనే చెప్తాను. అయితే డబ్బు ఎంత వస్తుందన్న దానికంటే, అది అయిపోయిన రోజున మీ కాలేజీలో, ఆ ఊళ్లలో ఏం మిగులుతుందన్నది ముందు తేల్చుకోండి. ఒప్పందంలో ప్రతి లైనునూ ఆ ప్రశ్నతోనే చదవండి.

నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మన హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలదే. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 29 ఊళ్లలో ఒక ట్రయల్ చేశారు. 15 ఊళ్లలో ఐసీడీఎస్ (అంగన్‌వాడీ కార్యక్రమం) కింద గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందేది. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా అది. మిగతా 14 ఊళ్లకు అప్పటికి ఆ కార్యక్రమం రాలేదు. పుట్టే పిల్లల బరువులో తేడా వస్తుందా అన్నదే అప్పటి ప్రశ్న. ట్రయల్ అయిపోయింది. కానీ ఏ తల్లి, ఏ బిడ్డ, ఏ ఊరు అన్న వివరాలు పోకుండా ఉన్నాయి. 2003లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ లాంటి చోట్ల పరిశోధకులతో కలిసి, అప్పటికి టీనేజీకొచ్చిన ఆ పిల్లలను మళ్లీ వెతికి పట్టుకున్నారు. చిన్నప్పుడు ఆ ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారనీ, వాళ్లలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం), రక్తనాళాల గట్టిదనం తక్కువగా ఉన్నాయనీ 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తర్వాత వాళ్ల తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకుని అదే ఏపీక్యాప్స్ అనే పెద్ద అధ్యయనమైంది. వెల్‌కమ్ ట్రస్ట్ లాంటివి నిధులిచ్చాయి. ఆ తర్వాత యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ డబ్బుతో బార్సిలోనా వాళ్లు అవే ఊళ్లలో కట్టెల పొయ్యి పొగ, గాలి కాలుష్యం గుండె మీద చూపే ప్రభావాన్ని కొలిచారు.

ఒక పాత రిజిస్టరు భద్రంగా ఉన్నందుకు ముప్పై ఏళ్లపాటు ఒక్కో దేశం వెతుక్కుంటూ మన ఊళ్లకు వచ్చింది. మీ మూడేళ్ల స్టడీలో చేరే తల్లుల జాబితా, వాళ్లకు పుట్టిన పిల్లల జాబితా ఎక్కడ ఉంటాయి? ఒప్పందంలో డేటా కాపీ మీ సర్వర్‌లో ఉంటుందని రాశారా? వాళ్ల యూనివర్సిటీ సర్వర్‌లో మాత్రమే ఉండి మీకు లాగిన్ ఇస్తామంటే ఒప్పుకోకండి. లాగిన్ గడువు ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది. మా మొదటి ప్రాజెక్టులో అదే జరిగింది. మేము ఎండలో తిరిగి నింపిన ఫారాల డేటా మేమే చూసుకోవడానికి ఈమెయిళ్లు పెట్టి ఐదు నెలలు ఆగాం.

శాంపిళ్ల విషయం ఇంకా జాగ్రత్త. మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ (శాంపిళ్లను ఇంకో సంస్థకు పంపే ఒప్పందం) వేరుగా ఉండాలి. ఏ పరీక్ష కోసం ఎన్ని వయల్స్ వెళ్తున్నాయి, మిగిలింది ఏం చేస్తారు, మూడో సంస్థకు ఇవ్వచ్చా అన్నవి అందులో ఉండాలి. ప్రతి శాంపిల్‌ను రెండు భాగాలు చేసి ఒకటి ఇక్కడే ఉంచాలని మా రెండో ప్రాజెక్టులో మా పీఐ (ప్రాజెక్టు నడిపించే ముఖ్య పరిశోధకులు) పట్టుబట్టారు. అది మంచి నిర్ణయం. కానీ మైనస్ 80 ఫ్రీజర్ కొనడానికి బడ్జెట్‌లో డబ్బు పెట్టి, దాని ఏఎంసీకి (ఏటా చేయించే నిర్వహణ ఒప్పందానికి), జనరేటర్‌కు, ప్రాజెక్టు ముగిశాక కరెంటు బిల్లుకు ఏమీ పెట్టలేదు. ముగిసిన రెండో వేసవిలో కంప్రెసర్ పోయింది. ఆ రాత్రి డ్రై ఐస్ కోసం ఊరంతా ఫోన్లు చేశాం. సగానికి పైగా కాపాడుకోగలిగాం, మిగతావి పోయాయి. ఒక్కో ట్యూబ్ వెనకాల సూది అంటే భయపడుతూనే చెయ్యి చాపిన ఒక గర్భిణి ఉంది. ఇప్పటికీ ఆ రాత్రి గుర్తొస్తే మనసు బాగుండదు. కాబట్టి ఫ్రీజర్ నిర్వహణకు కనీసం ఐదేళ్ల ఖర్చు బడ్జెట్‌లో అడగండి. అడిగితే చాలామంది ఇస్తారు. అడగాలని మనకు తట్టదు, అంతే.

ఇక అనుమతులు. ముందు మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ డీహెచ్‌ఆర్ (కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం) దగ్గర రిజిస్టర్ అయి ఉందో లేదో చూడండి. 2019 నిబంధనల తర్వాత అది తప్పనిసరి. ఆ కమిటీ ఆమోదం వచ్చాక, విదేశీ సహకారం ఉంది కాబట్టి ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్లాలి. హెచ్‌ఎంఎస్‌సీ అంటారు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా నడుస్తుంది. అది రాకుండా ఒక్క పేషెంట్‌ను కూడా చేర్చుకోకూడదు. మాకు వాళ్ల ప్రశ్నలు, మా జవాబులు అన్నీ కలిపి ఏడు నెలలు పట్టింది. ఆలస్యం కన్నా మమ్మల్ని దెబ్బతీసింది ఏంటంటే, గ్రాంట్ గడియారం సంతకం రోజు నుంచే మొదలైంది. ముందుగానే తీసుకున్న ముగ్గురు ఫీల్డ్ స్టాఫ్ జీతాలు పని లేకుండానే ఖర్చయ్యాయి. చివర్లో పిల్లల ఫాలోఅప్ చేయాల్సిన సమయానికి డబ్బు లేదు. మీరు ప్రాజెక్టు ప్రారంభ తేదీని హెచ్‌ఎంఎస్‌సీ అనుమతి వచ్చిన తేదీగా రాయించుకోండి. కుదరదంటే నో కాస్ట్ ఎక్స్‌టెన్షన్ (అదనపు డబ్బు లేకుండా గడువు పొడిగింపు) ఇస్తామని ముందే రాతలో తీసుకోండి.

డబ్బు ఏ దారిన వస్తుందన్నది మీ ప్రశ్నలో లేదు. కానీ ప్రైవేటు కాలేజీ అన్నారు కాబట్టి ముఖ్యంగా చూసుకోవాల్సింది ఇదే. చట్టం ద్వారా ఏర్పడి కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉన్న సంస్థలకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నుంచి మినహాయింపు ఉంది. మీ కాలేజీని ఒక ట్రస్టు నడుపుతుంటే ఆ ట్రస్టుకు రిజిస్ట్రేషన్ ఉందా, దాని గడువు ఎప్పటిదాకా ఉందో అకౌంట్స్ వాళ్లను అడగండి. 2020 సెప్టెంబరులో వచ్చిన సవరణ తర్వాత విదేశీ విరాళం మొదట ఢిల్లీ సంసద్ మార్గ్ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. అన్నిటికన్నా పెద్ద మార్పు, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు.

ఈ మార్పు సరిగ్గా మా మొదటి ప్రాజెక్టు మధ్యలో వచ్చింది. మా డబ్బు ఢిల్లీలోని ఒక స్వచ్ఛంద సంస్థకు వచ్చి, అక్కడి నుంచి మాకు అందేది. ఒక్కసారిగా ఆగిపోయింది. పదకొండు మంది ఫీల్డ్ వర్కర్లకు నాలుగు నెలలు జీతాల్లేవు. అదీ కరోనా రోజుల్లో. రోజూ ఫోన్లు. ఏం చెప్పాలో తెలియక పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. రక్తం తీయడం బాగా నేర్చుకున్న ఫ్లెబోటమిస్ట్ ఒకరు డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేరిపోయారు. ఆయనకు సరిసాటి మనిషి మాకు మళ్లీ దొరకలేదు. చివరికి మా సంస్థతోనే నేరుగా ఒప్పందం రాసుకున్నాక డబ్బు కదిలింది. మీ డబ్బు మధ్యలో ఎవరి చేతుల మీదుగానైనా వస్తుందా? వస్తుందంటే ఇప్పుడే ఆపి మాట్లాడండి.

మీరు ఏ దేశమో చెప్పలేదు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ డబ్బయితే ఇంకో మాట. అక్కడి యూనివర్సిటీ తన గ్రాంట్‌లోంచి విదేశీ సంస్థకు వాటా ఇచ్చే పాత పద్ధతిని కొత్త అవార్డుల్లో ఆపేస్తున్నట్టు ఎన్‌ఐహెచ్ 2025 మే 1న ప్రకటించింది. దాని బదులు విదేశీ సంస్థకు విడిగా, ఆ గ్రాంట్‌కు ముడిపెట్టి అవార్డు ఇచ్చే ఏర్పాటు చేస్తామంది. అంటే మీ కాలేజీకి సొంతంగా సామ్ డాట్ గవ్ (అమెరికా ప్రభుత్వ నిధులకు), ఈరా కామన్స్ (ఎన్‌ఐహెచ్ గ్రాంట్లకు) రిజిస్ట్రేషన్లు ఉండాలి. వాటికి వారాలు పడుతుంది, సామ్ రిజిస్ట్రేషన్‌ను ఏటా రెన్యూ చేయించాలి. మీ దగ్గరి ఓవర్‌హెడ్స్ (ఆఫీసు, కరెంటు లాంటి పరోక్ష ఖర్చులు) కింద 8 శాతమే వస్తుంది. యాభై శాతం దాటి తీసుకునే అమెరికన్ యూనివర్సిటీలు ఉండగా మన సంస్థలకు ఎనిమిదే అన్నది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. అందుకే అకౌంటెంట్ జీతం, ఇంటర్నెట్, వాహనం లాంటివి ఓవర్‌హెడ్స్‌లో కలిపేయకుండా ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు నేరుగా బడ్జెట్ లైన్లుగా పెట్టించండి.

పేపర్ల మీద పేర్ల గురించి. మా మొదటి పేపర్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు మా పీఐ పేరు మధ్యలో ఎక్కడో ఉంది, మా మిగతావాళ్ల పేర్లు చివర కృతజ్ఞతల్లో ఉన్నాయి. అవతలివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. రాసింది తామే కదా అని వాళ్ల ఉద్దేశం. జర్నళ్లు పాటించే ఐసీఎంజేఈ నియమాల ప్రకారం రాయడంలో పాలుపంచుకున్నవాళ్లే రచయితలు అవుతారు, అది నిజం. అదే నియమాల్లో ఇంకోటి కూడా ఉంది. పరిశోధనలో గణనీయమైన పని చేసినవాళ్లకు రాయడంలో, సవరించడంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలి. మాకు ఎవరూ ఆ అవకాశం ఇవ్వలేదు, మేమూ అడగలేదు. రెండోసారి మొదటి నెలలోనే కూర్చుని, రాబోయే ఐదు పేపర్ల పేర్లు, ఒక్కోదానికి మొదటి రచయిత ఎవరు, చివరి రచయిత ఎవరు అని ఒక పేజీ రాసుకున్నాం. రెండు పేపర్లకు మొదటి పేరు మా జూనియర్లది. వాళ్లలో ఒకామె స్టాటిస్టిక్స్ నేర్చుకోవడానికి మూడు నెలలు అక్కడికి వెళ్లొచ్చింది. ఆ ఖర్చూ బడ్జెట్‌లో ముందే ఉంది.

ఊళ్ల గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. కన్సెంట్ ఫారం ఇంగ్లిష్‌లో వచ్చింది. ఏజెన్సీ చేత తెలుగు చేయిస్తే "భవిష్యత్తులో అనిర్దిష్ట పరిశోధనల నిమిత్తం నమూనాలు నిక్షిప్తం చేయబడును" అని వచ్చింది. చదివి వినిపిస్తే తలలూపి వేలిముద్ర వేసేవాళ్లు. నల్గొండ వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ నన్ను పక్కకు పిలిచి, "మేడం, ఇది నాకే సమజ్ కాలే, ఆళ్లకేం తెలుస్తది" అంది. ఆమే కూర్చుని చెప్పింది: "ఈ నెత్తుర్ల కొంచెం ఫ్రిజ్‌ల దాచిపెడ్తం. రేపు ఇంకో బీమారి గురించి చూడనీకి వాడుకోవచ్చు. నీకు ఇష్టం లేకుంటే పరీక్ష చేసి మిగిలింది పారేస్తం." ఆ మాటలనే కాస్త సర్ది, ఎథిక్స్ కమిటీకి మళ్లీ పెట్టి వాడాం. అప్పుడు కొందరు దాచొద్దన్నారు. అంతకుముందు ఒక్కరూ అనలేదు. వాళ్లు కాదన్నాకే మా కన్సెంట్ నిజమైన కన్సెంట్ అని నాకు నమ్మకం కలిగింది.

రిపోర్టులు తిరిగి ఇవ్వడానికి కూడా డబ్బు, మనుషులు కావాలి. మొదటిసారి మేము హిమోగ్లోబిన్ రిపోర్టులు ఆలస్యంగా ఇచ్చాం. ఈలోగా నెత్తురు అమ్ముకుంటున్నారని పుకారు లేచింది. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "తీస్కపోయిండ్రు గద బిడ్డా, అందుల ఏమొచ్చిందో చెప్పకపోతిరి" అంది. మీది షుగర్ స్టడీ. ఎక్కువ వచ్చినవాళ్లకు ఎన్ని గంటల్లో చెప్తారు, మందులు ఎవరిస్తారు, ఏఎన్‌ఎంకు, పీహెచ్‌సీ డాక్టర్‌కు ఎలా తెలుస్తుంది అన్నది ప్రోటోకాల్‌లోనే ఉండాలి.

మీరు సొంతంగా నాయకత్వం వహించే దారి కూడా ఒకటుంది, దాన్ని కూడా పక్కన పెట్టుకోండి. మన బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. డాక్టర్లకు క్లినికల్, పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్‌లు అక్కడ ఉన్నాయి. అందులో ప్రశ్న మీది, గ్రాంట్ మీ పేరు మీద, విదేశీ ప్రొఫెసర్ మీకు సహకరించేవారు. ఈ స్టడీ అనుభవంతో రెండేళ్ల తర్వాత దానికి అప్లై చేయొచ్చు.

రెండు వారాల గడువు గురించి భయపడకండి. నాలుగు వారాలు కావాలని, కాలేజీ లీగల్ వాళ్లు చూడాలని మర్యాదగా రాయండి. నిజంగా కలిసి పనిచేయాలనుకునేవాళ్లు ఇస్తారు. ఈలోగా అకౌంట్స్‌లో ఎఫ్‌సీఆర్‌ఏ సంగతి, ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ దగ్గర రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోండి. బడ్జెట్ షీట్‌లో ఫ్రీజర్ నిర్వహణ, రిపోర్టుల పంపిణీ లైన్లు ఉన్నాయో లేదో చూసి ఇక్కడే రాయండి. ఎంత అడగాలో లెక్కవేయడానికి నేను సాయం చేస్తాను.