నకూరు వెళ్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెయిల్ చదివాను. కెన్యా వెళ్తున్నావు, నకూరు నేషనల్ పార్కు మీద రాస్తానంటున్నావు, చాలా సంతోషం. కానీ ఇంకా విమానం ఎక్కకుండానే మొదటి పేరా రాసేసి పంపావు చూడు, అక్కడే నా అభ్యంతరం. లక్షల రాజహంసలు (ఫ్లెమింగోలు), ఒడ్డు పొడవునా గులాబీ రంగు... అది పాత క్యాలెండర్ బొమ్మ. కొట్టేయ్.

2010 దాటాక నకూరు సరస్సులో నీళ్లు పెరుగుతూ వచ్చాయి. అది సోడా సరస్సు, అంటే నీళ్లలో క్షారం ఎక్కువ. లెస్సర్ ఫ్లెమింగోలు (వాటిలో చిన్న రకం) తినేది అలాంటి నీళ్లలో దండిగా పెరిగే సన్నని నాచు, తల కిందికి వేలాడేసి ముక్కుతో వడగట్టుకుని తింటాయి, వాటి గులాబీ రంగు కూడా ఆ తిండి నుంచి వచ్చిందే. వానలకు నీళ్లు పెరిగి సోడా పలచబడింది, నాచు తగ్గింది, పక్షుల్లో ఎక్కువ భాగం బొగోరియా లాంటి వేరే సరస్సులకు వెళ్లిపోయాయి. నువ్వు వెళ్లే రోజున కొన్ని కనిపిస్తాయేమో, కనిపించకపోవచ్చు కూడా. కనిపించకపోతే టెన్షన్ పడకు, నీ వ్యాసం అదే. ఒడ్డున పసుపు బెరడు తుమ్మచెట్లు నీళ్లలో మునిగి నిలువునా ఎండిపోయాయి, వాటి మీద నీటికాకులు వాలుతుంటాయి. చుట్టుపక్కల ఇళ్లు కూడా మునిగాయి. అవన్నీ వదిలేసి గులాబీ రంగు గురించి రాస్తే ఎవరు నమ్ముతారు?

ఇంకొకటి, "మనిషి అడుగు పడని ఆఫ్రికా అడవి" అని దయచేసి రాయకు. పార్కుకు ఆనుకునే నకూరు నగరం ఉంది, గుట్ట మీద నుంచి మేడలు కనిపిస్తాయి. ఖడ్గమృగాలను కాపాడటానికి 1980లలో చుట్టూ కరెంటు కంచె కట్టారు. అక్కడి జిరాఫీలను పశ్చిమ కెన్యా నుంచి తెచ్చి వదిలారు. సరస్సులో తిలాపియా చేపలు ఒకప్పుడు దోమల కోసం వేసినవే, ఆ చేపల వల్లే పెలికాన్లు (గూడబాతులు) గుంపులుగా రావడం మొదలైంది. ఇంత కథ కళ్లెదుట ఉంటే ఫొటోలో మేడలు పడకుండా కెమెరా తిప్పుకోవడం ఎందుకు?

డ్రైవర్‌తో ముందు రోజు రాత్రే మాట్లాడుకో. పక్షులు చూడాలని చెప్పకపోతే బండిలోని వైర్‌లెస్ రేడియోలో "ఖడ్గమృగం" అని వినపడగానే బండి అటు పరుగెత్తిస్తాడు, పాపం ఆయన తప్పేమీ లేదు, వచ్చేవాళ్లందరూ అడిగేది అదే. (ఏనుగులు అడగకు, ఆ పార్కులో ఉండవు.) తెల్లవారుతూనే లోపలికి వెళ్లి ఒక చోట ఇంజన్ ఆపించి కూర్చో. 400కు పైగా రకాల పక్షులున్న చోటు కదా అని పేర్ల జాబితా తయారు చేసుకుంటూ తిరిగేవు, ఆ జాబితా ఏ గైడు పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఒక్క పెలికాన్ గుంపునే అరగంట చూడు: ఏది ముందు కదిలింది, చేపను ఎలా చుట్టుముట్టాయి, ముక్కు కింది సంచిలో నీళ్లు ఎప్పుడు వదిలాయి. అక్కడికక్కడే రాసుకో, సాయంత్రానికి సగం పోతుంది.

నీది సూళ్లూరుపేట కాబట్టి ఒక మంచి అవకాశం ఉంది. పులికాట్‌లో మనం చూసేవి ఎక్కువగా గ్రేటర్ ఫ్లెమింగోలు, అక్కడి లెస్సర్ వాటికంటే పొడుగు, రంగు పాలిపోయి ఉంటుంది, ముక్కు కొన మాత్రం నల్లగా. లెస్సర్ ముక్కు దాదాపు మొత్తం ముదురు రంగే. నేలపట్టు పెలికాన్లు కూడా వేరే రకం. మనవాళ్లకు ఎలా చెబితే అర్థమవుతుందో నీకు తెలుసు, ఎవరో విదేశీ టూరిస్టు కళ్లతో ఎందుకు చూడటం?

అన్నట్టు, ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకో. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని క్వారంటైన్‌లో పెడతారు.

మీ అన్నయ్య