పట్టా లేని టీ కొట్టుకు పరిహారం వస్తుందా?

ప్రశ్న: అయ్యా, మాది ప్రకాశం జిల్లా. రాష్ట్ర రహదారి పక్కన రోడ్డు పోరంబోకులో పందొమ్మిదేళ్లుగా టీ కొట్టు నడుపుతున్నాను. విదేశీ బ్యాంకు అప్పుతో రోడ్డు వెడల్పు చేస్తారట. ఎవరో వచ్చి కొట్టు గోడ మీద ఎర్ర రంగు గీత గీసి వెళ్లారు. వెనకనున్న పొలం వాళ్లకు డబ్బు వస్తుందట, పట్టా లేదు కాబట్టి నాకు పైసా రాదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, ఊళ్లోవారి మాటలో సగమే నిజం. నేల ధర మీకు రాదు. కానీ మీరు కట్టుకున్న కొట్టుకు, పోయే బతుకుతెరువుకు సాయం రావచ్చు. రోడ్డుకు అప్పు ఇస్తున్నది ఎవరన్న దాన్ని బట్టి అది తేలుతుంది.

పొలం వాళ్ల సంగతి 2013 నాటి భూసేకరణ చట్టం చూసుకుంటుంది. పల్లెల్లో మార్కెట్ విలువను రాష్ట్రం నిర్ణయించినట్టు 1 నుంచి 2 రెట్ల మధ్య లెక్కకట్టి, దానికి నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకపోయినా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, కలుపుతారు. మీ కొట్టు ఉన్న నేల ఇప్పటికే ప్రభుత్వానిది, కొత్తగా సేకరించేది ఏమీ లేదు. అందుకే ఆ చట్టం సాధారణంగా మీ గుమ్మం దాకా రాదు.

అక్కడ మిమ్మల్ని ఆదుకోగలిగేది రుణ ఒప్పందం. ప్రపంచ బ్యాంకు 2018 అక్టోబరు నుంచి అమలు చేస్తున్న నియమాల్లో ఐదో ప్రమాణం నిర్వాసితుల గురించి. నేలపై ఏ హక్కూ లేకుండా ఉంటున్నవారిని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. కొట్టుకు కట్టే విలువ అంటే, ఈ రోజు అలాంటిది మళ్లీ కట్టుకోవడానికి అయ్యే ఖర్చు. రేకులు పాతబడ్డాయని తరుగు తీయకూడదు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ రోడ్లకు 2018లో 45.5 కోట్ల డాలర్ల రుణం ఆమోదించిన ఏషియన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు నియమాలు కూడా పట్టా లేనివారిని వదిలేయవు. 2021లో మన రోడ్లు, వంతెనలకు రెండు రుణాలుగా 64.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు మాత్రం ప్రధానంగా అప్పు తీసుకునే దేశపు సొంత చట్టాల మీదే ఆధారపడుతుంది. కాబట్టి ముందుగా రోడ్లు, భవనాల శాఖ కార్యాలయంలో అప్పు ఇస్తున్న బ్యాంకు పేరు అడగండి. పునరావాస ప్రణాళిక తెలుగు ప్రతి కూడా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

ఇక అన్నిటికంటే ముఖ్యం, రోడ్డు వల్ల నష్టపోయేవారి పేర్లు రాసుకునే సర్వే. రోడ్డు ప్రాజెక్టుల పునరావాస విభాగంలో పద్నాలుగేళ్లు పనిచేశాను. ఒక రోడ్డులో ఇడ్లీల బండి పెట్టుకున్న ఒకామె, మా వాళ్లు వీడియో తీసిన రెండు రోజులూ కూతురి కాన్పుకని ఆసుపత్రిలో ఉంది. తిరిగి వచ్చేసరికి కటాఫ్ తేదీ, అంటే పేర్లు నమోదు చేసుకునే గడువు, దాటిపోయింది. జాబితాలో పేరు లేదు. ఆమె కరెంటు బిల్లులు, చుట్టుపక్కల వారి వాంగ్మూలాలు పట్టుకుని ఏడాదికి పైగా తిరిగింది. చివరికి డబ్బు వచ్చింది. ఆ ఏడాదంతా ఆమె కుటుంబం ఏం తిన్నదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అందుకే చెబుతున్నాను, సర్వే వాళ్లు వచ్చిన రోజు కొట్టు వదిలి వెళ్లకండి. తప్పనిసరైతే ఇంట్లో పెద్దవాళ్లెవరినైనా కూర్చోబెట్టండి. గీత గీసినవాళ్లు సర్వే వాళ్లే అనుకోకండి. అది రోడ్డు హద్దు కొలత మాత్రమే కావచ్చు. కటాఫ్ తేదీ ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి. కరెంటు బిల్లు, పంచాయతీ రసీదు, పాత ఫొటో, ఏది ఉన్నా దాచి పెట్టుకోండి.

డబ్బు ఆలస్యమైతే కారణం ఒకటి చెబుతాను. బ్యాంకు అప్పు ఎక్కువగా తారుకు, కంకరకు, వంతెనలకు పోతుంది. భూమికీ పరిహారానికీ సాధారణంగా రాష్ట్రం తన వాటా నుంచి పెట్టాలి. ఖజానా బిగిసినప్పుడు ముందుగా ఆగేది ఆ వాటాయే. అయితే, డబ్బు ఇవ్వకముందే కొట్టు తొలగించడం ప్రపంచ బ్యాంకు నియమాలకు విరుద్ధం. అలా చేయబోతే ముందు ప్రాజెక్టు ఫిర్యాదుల కమిటీకి రాయండి. అక్కడ వినకపోతే, నష్టపోయినవారు ఇద్దరు కలిసి ఆ బ్యాంకు తనిఖీ మండలికి ఫిర్యాదు చేయవచ్చు. 1993 నుంచి ఆ ఏర్పాటు ఉంది. మీ పక్క కొట్టువారిని కలుపుకోండి.

ప్రశ్న: మా ఊరి రోడ్డుకు రెండువైపులా పెద్ద చింతచెట్లు. నరికేస్తారేమోనని భయం. పనులు మొదలైన దగ్గర నుంచి దుమ్ముతో బడి పిల్లలు దగ్గుతున్నారు. ఎవరిని అడగాలి?

జవాబు: పనుల టెండరు పత్రంలో పర్యావరణ నిర్వహణ ప్రణాళిక ఉందో లేదో చూడండి. ఉంటే చాలదు, నీళ్లు చల్లడానికి, మట్టి తవ్విన గోతులు చదును చేయడానికి, మొక్కలు నాటి కాపాడడానికి టెండరులోని పనుల బిల్లులో (ఏ పనికి ఎంత అని రాసే పట్టికలో) విడిగా పద్దులు రాశారా అన్నది అసలు విషయం. బిల్లులో లేని పనిని గుత్తేదారుతో చేయించడం ఎంత కష్టమో నేను చూశాను. బడి ముందు రోజుకు ఎన్నిసార్లు నీళ్లు చల్లాలో సైట్ ఇంజనీరుకు తేదీ వేసి రాయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. చెట్లు నరకాలంటే నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం కింద అనుమతి ఉండాలి. ఆ కాగితం చూపమనండి. చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే రోడ్డులో మర్రిచెట్ల కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మీ దగ్గర పనులు మొదలయ్యాయి కాబట్టి ఇక ఆలస్యం చేయకండి. అసలైతే రోడ్డు నమూనా ఖరారు కాకముందే వెళ్లడం మేలు. అప్పుడు రోడ్డు గీతను ఒక పక్కకు జరపడం తేలిక. టెండరు పిలిచాక ప్రతి మీటరూ ఖర్చే.