తరిమేవాళ్ళకు తెలివి ఇవ్వు

తమ్ముడూ,

నీ నవల మొదటి ఐదు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. కిరాయి హంతకుడు, అతని తలకు వెల కట్టిన దొంగల ముఠాలు, మాయలు నడిచే నగరం. కథ పరుగెడుతోంది, భాష బాగుంది. కానీ మూడో అధ్యాయం దాటాక నాకు టెన్షన్ పోయింది. పన్నెండుమంది మీద పడితే పన్నెండుమందినీ పడగొట్టేశాడు. ఇక ఇతనికేమీ కాదని అక్కడే తేలిపోయింది. ఆ పన్నెండుమందిలో ఒక్కడికైనా బుర్ర ఉన్నట్టు నువ్వు రాయలేదు.

నీ హంతకుణ్ణి వేటాడేది రాజభటులు కాదు, నేరగాళ్ళు. నీ నవలకు అసలు బలం అదే. భటులకు అతని మొహం తెలిస్తే గొప్ప. ముఠావాళ్ళకు అతని అలవాట్లు తెలుసు. పని ముగించాక ఎక్కడ దాక్కుంటాడో, విషం ఎవరి దగ్గర కొంటాడో, ఏ భుజానికి పాత గాయం ఉందో అన్నీ తెలుసు. కొందరు అతనితో కలిసి పనిచేసినవాళ్ళు, ఒకరిద్దరు అతనికి పని నేర్పినవాళ్ళు. ఎక్కడైనా గోడకు వీపు ఆనించి, తలుపుకు ఎదురుగా కూర్చుంటాడని రెండో అధ్యాయంలో రాశావు. చాలా మంచి వాక్యం. మరి అతన్ని చంపాలనుకునేవాడు తలుపులోంచి ఎందుకు వస్తాడు? ఆ గోడ అవతల కాచుకుని ఉండాలి కదా!

విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసం చదివావా? లేకపోతే రెండో అంకం కోసమైనా చదువు. చంద్రగుప్తుణ్ణి చంపడానికి నందుల మంత్రి రాక్షసుడు (అది అతని పేరే) పన్నిన ఎత్తులన్నీ ఎలా బెడిసికొట్టాయో పాములవాడి వేషంలో వచ్చిన గూఢచారి చెబుతాడు. పడకగది గోడలో సొరంగం చేసి, అందులో హంతకులు దాక్కున్నారు. రాజు రాకముందే చాణక్యుడు ఆ గదిలోకి వచ్చి చుట్టూ చూశాడు. గోడ పగులులోంచి చీమలు బారుగా అన్నం మెతుకులు మోసుకొస్తున్నాయి. లోపల మనుషులున్నారని అర్థమైపోయింది. గదికి నిప్పు పెట్టించాడు. కత్తి దూసినవాడు లేడు, మాయ లేదు. కాచుకుని కూర్చున్నవాడికి ఆకలేస్తుందన్న ఒక్క సంగతి మీద ఆ సన్నివేశమంతా నిలబడింది. ఎన్నిసార్లు చదివినా ఆ చీమల దగ్గర నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నీ హంతకుడూ తినాలి, నిద్రపోవాలి, గాయానికి కట్టు మార్చుకోవాలి. వేటగాళ్ళు వాటి కోసం కనిపెట్టుకుని ఉండాలి.

మాయ దగ్గర కూడా ఇదే లోపం. నీడలో కలిసిపోయే విద్య ఐదో అధ్యాయంలో, సరిగ్గా ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఊడిపడింది. దాన్ని మొదటి అధ్యాయంలోనే, పెద్ద అవసరం లేనిచోట చూపించు. హద్దు కూడా అక్కడే చెప్పు. ఒక్క దీపం ఉంటేనే పనిచేస్తుందనుకో, రెండో దీపం వెలిగితే నీడ రెండుగా చీలి మనిషి బయటపడిపోతాడు. అప్పుడు పాత స్నేహితుడు ఒకడు చేతిలో దీపం పట్టుకుని, తాపీగా గదిలోకి వస్తే చాలు, పాఠకుడి గుండె ఆగిపోతుంది.

తరిమేవాళ్ళందరూ డబ్బు కోసమే రావడం కూడా నాకు నచ్చలేదు. డబ్బు మనిషి బేరానికి లొంగుతాడు, తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క లొంగదు. ఇతను నోరు విప్పితే మునిగిపోయే పెద్దమనిషికి శవం కావాలి, ఇతని చేత ఇంకో హత్య చేయించాలనుకునేవాడికి ప్రాణంతో కావాలి. వీళ్ళు ఒకరికొకరు అడ్డం పడుతుంటే నీకు కావలసిన సరదా దానంతటదే వస్తుంది. ఆ అక్కకు మాత్రం ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వు, అందులో జోకులు వద్దు. నీ హంతకుడు డబ్బు తీసుకుని మనుషుల్ని చంపాడు. అతన్ని మేం ఇష్టపడాలంటే ఆ సంగతి దాచకూడదు.

పథకాల గురించి ఒక్క మాట. ముందే పాఠకుడికి విడమరిచి చెప్పిన పథకం తప్పకుండా చెడాలి. చెడకపోతే అదే కథ రెండుసార్లు చదివినట్టుంటుంది.

ఇప్పుడు ఆరో అధ్యాయం మొదలుపెట్టకు. మూడోది తిరగరాయి. పన్నెండుమందిని ముగ్గురికి కుదించు, ఆ ముగ్గురిలో ఒకరు అతనికి కత్తి పట్టడం నేర్పినామె కావాలి. రాయగానే పంపించు, మిగతా పనులు పక్కన పెట్టి చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య