పేగు జబ్బుకు సదరంలో లైను లేదు

ప్రశ్న: మా తమ్ముడికి క్రోన్స్ జబ్బు. ఉద్యోగం మానేశాడు. సదరం సర్టిఫికెట్ ఇస్తారా? వికలాంగుల పింఛను వస్తుందా?

రాదండీ. మీ తమ్ముడి క్రోన్స్ అయినా, నాకున్న అల్సరేటివ్ కొలైటిస్ అయినా, రెండూ పేగులు వాచి పుండ్లు పడే జబ్బులే, ఒక్క ఆ పేరు మీద వైకల్య శాతం రాసే సదరం సర్టిఫికెట్ ఇవ్వరు. ఈ సంగతి తెలిసే నేను సదరం క్యాంపుకు వెళ్లాను. మా వార్డు సచివాలయంలో అమ్మాయి "స్లాట్ బుక్ చేస్తా మేడం, పోయేదేముంది" అంది. మా ఆయన కూడా అడిగి చూద్దాం పద అన్నారు.

మేం ఆసుపత్రికి చేరేసరికే వరండా నిండిపోయింది. ఎముకలకో లైను, కళ్లకో లైను, చెవులకో లైను, మానసిక వైద్యుడి గది ముందు మరొకటి. పేగులకు ఏ లైనూ లేదు. అటెండరు నా చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి ఎముకల లైన్లో నిలబెట్టాడు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదు. ఈ జబ్బున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, బయటికి వెళ్లాలంటే ముందు తిండి బంద్ చేస్తాం. అయినా లైన్లో ఉండగానే అర్జెంటు అయింది. ఆడవాళ్ల బాత్‌రూమ్‌కు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. మా ఆయన గేటు బయటిదాకా పరిగెత్తి తెచ్చారు. వికలాంగుల కోసం పెట్టిన క్యాంపులో, చంకకర్రల మీద వచ్చినవాళ్ల మధ్య, బాత్‌రూమ్‌కు తాళం! నేను తిరిగొచ్చేసరికి నా చోటు పోయింది. వెనకున్నావిడ నన్ను ఎగాదిగా చూసి, "కర్ర లేదు, కట్టు లేదు, నీకెందుకమ్మా ఈ లైను" అంది. ఆవిడ చంకలో నడవలేని పిల్లాడు. నేనేం మాట్లాడను?

డాక్టరుగారు మంచాయన. ఫైలంతా తిరగేశారు, కొలనోస్కోపీ ఫొటోలు చూశారు, హిమోగ్లోబిన్ దగ్గర ఒక్క నిమిషం ఆగారు. "నీ బాధ తెలుస్తోందమ్మా. కానీ ఈ కంప్యూటర్లో నీ జబ్బుకు గడి లేదు. ఏది నొక్కమంటావు?" అన్నారు. తర్వాత నన్ను నడిపించి, కూర్చోబెట్టి లేపి, "కీళ్ల నొప్పులున్నాయా? తుంటి నొప్పి?" అని అడిగారు. మీ తమ్ముడికి పనికొచ్చేది ఆ ప్రశ్నే. జాబితాలో లేని మనలాంటి జబ్బు పేరుకు సదరంలో శాతం వేయరు, జబ్బు పాడుచేసిన అవయవానికి వేస్తారు. పేగు జబ్బు కీళ్లకు, వెన్నుకు, కళ్లకు పాకొచ్చు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడితే తుంటి ఎముక తల దెబ్బతినొచ్చు. అలాంటిదేమైనా ఉంటే ఎమ్మారై తీయించి ఆ లైన్లోనే నిలబడమనండి. అక్కడ 40 శాతం, ఆపైన వస్తేనే పింఛను మాట.

ఆ పింఛను ఆంధ్రలో 2024 జులై నుంచి నెలకు 6,000. తెలంగాణలో 4,016. ఆంధ్రలో కిడ్నీ, తలసీమియా లాంటివాటికి విడిగా 10,000 ఇస్తున్నారు, ఆ జాబితాలోనూ పేగుల ఊసు లేదు. ఏజెంట్లు తగులుతారు, "ఏదో ఒక గడిలో పెట్టించేస్తా" అంటారు. పైసా ఇవ్వకండి. 2025లో వస్తున్న పింఛన్లనే మళ్లీ తనిఖీకి పిలిచి నోటీసులిచ్చారు.

పైకి కనబడదు కాబట్టి ఇవ్వరని కొందరు సమర్థిస్తారు. నేనొప్పుకోను. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ అందులో ఉన్నాయి. అవేమన్నా పైకి కనబడతాయా? కేంద్రం తల్చుకుంటే కొత్తవి చేర్చవచ్చని ఆ చట్టం షెడ్యూల్లోనే ఉంది. పొట్టకు రంధ్రం చేసి బ్యాగ్ పెట్టించుకున్నవాళ్లకు రైల్వే సీజన్ టికెట్లో రాయితీ కూడా ఉంది. రైల్వేకు తట్టింది సదరానికి తట్టలేదు. కారణం ఒకటేనని నా నమ్మకం: ఇది దొడ్డికి సంబంధించిన జబ్బు. మంత్రి మైకు ముందు చెప్పలేడు, మనం ఆఫీసులో చెప్పలేం. "కడుపులో కొంచెం బాగోలేదు" అని సెలవుచీటీ రాస్తాం. చుట్టాలు మజ్జిగలో మెంతులు వేసుకు తాగమంటారు, స్టెరాయిడ్లతో మొహం ఉబ్బితే "ఒళ్లు చేశావే" అని మెచ్చుకుంటారు.

నన్నడిగితే పింఛను కంటే ముందు ఉద్యోగం గురించి ఆలోచించండి. ఆ ఆరు వేలు ఇంజెక్షన్ల ఖర్చు ముందు ఏ మూలకు? నేను కాలేజీలో పాఠం చెబుతాను. క్లాసు మధ్యలో బయటికి వెళ్తున్నానని ప్రిన్సిపాల్ మెమో ఇస్తే, మెడికల్ రిపోర్టులు టేబుల్ మీద పెట్టి, కింది అంతస్తులో బాత్‌రూమ్ పక్క గది అడిగాను. నెలరోజుల గొడవ తర్వాత ఇచ్చారు. నాకు దక్కిన వికలాంగ సౌకర్యం అదొక్కటే, అదే నా జీతం నిలబెట్టింది.

పోటీ పరీక్షలు రాసే వయసైతే ఇంకోటి చెబుతాను. రైటర్స్ క్రాంప్, అంటే రాస్తుంటే చెయ్యి పట్టేసే జబ్బు ఉన్న అభ్యర్థి సివిల్స్‌లో తన బదులు రాసిపెట్టే మనిషిని అడిగితే, 40 శాతం లేదని కాదన్నారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అలాంటి సౌకర్యం అడగడానికి 40 శాతం గీత అడ్డం కాదని తీర్పిచ్చింది. వికాస్ కుమార్ కేసు అంటారు. పరీక్ష మధ్యలో బాత్‌రూమ్‌కు వెళ్లినంతసేపూ అదనంగా ఇమ్మని ఆ తీర్పు జతచేసి ముందే అర్జీ పెట్టొచ్చు, ఎందుకివ్వరో చూద్దాం.

ఆ అర్జీకైనా, ఆఫీసుకైనా గ్యాస్ట్రో డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకునేటప్పుడు "క్రోన్స్‌కు చికిత్స పొందుతున్నారు" అని ఒక్క ముక్కతో వదిలేయనివ్వకండి. రోజుకు ఎన్ని విరేచనాలు, రక్తం పడుతోందా, అర్జెంటు వస్తే ఎన్ని నిమిషాలు ఆగగలడు, ఇవన్నీ రాయించండి. మీ తమ్ముడు సిగ్గుపడి డాక్టరుకు తగ్గించి చెబుతాడు, కాబట్టి మీరూ గదిలోకి వెళ్లండి.